మసేనమ్మ తిన్న పెరుగన్నం

మసేనమ్మొదిన్ని ఆ రైలెక్కించింది నేనే. నెత్తిమీద ఎండుచేపల తట్టెట్టుకుని పలాస సంత దాకా ఎల్లడమే గానీ, ఆ పైన లోకం ఎలాగుంటాదో ఎరగని మనిషి. మొగుడు లచ్చయ్య నాకు పెదనాన్న కొడుకు, వేటకెళ్లి తుఫాన్లో చిక్కుకుని మరి తిరిగి రాలేదు. మనిషీ రాలేదు, శవమూ రాలేదు. ఆ ఏడంతా ఒదిన లెగగానే ఒడ్డుకెళ్లి అటూ ఇటూ నడిచి చూసుకుని వచ్చీది. ఏటి ఎతుకుతన్నావొదినా అంటే, ఏటీ లేదురా మరిదీ, ఊరకనే, అనీది. ఆ తరవాత ఆశంతా కొడుకు ఎల్లాజీ మీదే. ఆడు చేతికందొచ్చేక మన పల్లె కుర్రోళ్లందరి లాగే గుజరాతు పోనాడు, వీరావలు, పెద్ద బోటులో వేటకి. మనోళ్లు ఏటా ఎల్తారు కదా. ఈ పట్నం బాబు రాసుకుంటన్నాడు, ఆయనకి తెలీదు కదాని చెప్తన్నాను, కుర్రోళ్లు మీరు తొందర పడకండి. ఏమైందంటే, బోటు రేవులో ఉండగానే వల లాగీ ఇనపతాడు పుటుక్కున తెగి, తిన్నగా వచ్చి ఎల్లాజీ గుండెలమీద కొట్టీసినాదంట. ఆణ్ని ఆస్పత్రిలో పడీసి బోటు వేటకెళ్లిపోనాది. అవునే అమ్మీ, ఎల్లిపోనాది, అలా చూస్తావేటి? డీజిలు పోసీసి, ఐసు నింపీసిన బోటు ఒక్క మనిషి కోసం ఆగుతాదేటి? మన కుర్రోళ్లందరూ ఆ బోట్లోనే, నడిసముద్రంలో ఫోను అందదు. ఒడ్డున మిగిలినోడు ఓనరు గుమస్తా ఒక్కడే, ఆడికి తెలుగు రాదు. హిందీలో ఫోను చేసినాడు. మా కోడలు బళ్లో నేర్చుకున్న ముక్కలతో కూడబలుక్కుని, మాఁవా, ఎల్లాజీ వాళ్లమ్మని బేగి రమ్మంటన్నారు, బాగా దెబ్బ తగిలిందంట, అన్నాది.

నా మోకాలు సంగతి చూస్తన్నారు కదా, నేను ఎల్లలేను. ఎల్లగలిగే మొగాళ్లందరూ ఆ గుజరాతులోనే ఉన్నారు. అందుకని ఒదిన్ని ఒక్కర్తినే బండెక్కించి, కిటికీ పక్కన కూకోబెట్టి, మా కోడలు ఫోను చేతిలో ఎట్టి, మోగితే ఈ పచ్చబొత్తాం నొక్కు, హిందీ వచ్చినోళ్లు ఎవలైనా పక్కనుంటే ఆళ్ల చేతికియ్యి, అని చెప్పినాను. ఒదిన తలూపినాది. ఒళ్లో ఒక మూట. ఆ మూటలో ఏటుందనుకున్నారు? ఎండు నెత్తళ్లు, వేలెడంత చేపలు. నాకప్పుడు తెలీదు, తెలిస్తే మానిపించీవోణ్ని. కొడుక్కి నెత్తళ్లంటే ప్రాణం, ఆస్పత్రి కూడు ఆడు తినడు, అని కట్టుకుని పోనాదంట. మనకైతే ఆ వాసన ఇంటి వాసన. రైల్లో ఊరుకుంటారా? బండి కదిలీసరికి ముక్కులు మూసుకున్నారంట. ఎదర సీటాయన, ఇస్తిరీ చొక్కా ఆయన, లేచి నిలబడిపోయి, ఈ మూటైనా పారెయ్యాలి, ఈవిడైనా దిగాలి, అని గొడవ. ఆయన ఏ బాషలో తిడతన్నాడో ఒదినకి తెలీదు. మూట మాత్రం గుండెకి హత్తుకుని కూకున్నాదంట, పసిబిడ్డనెత్తుకున్నట్టు.

అప్పుడొచ్చినాడంట దండపాణి. ఆ బండిలో వంటపెట్టె ఉంటాది కదా, అందులో పని. పెట్టె పెట్టెకీ తిరిగి భోజనాలు ఎవలికి కావాలో అడిగి తెచ్చిచ్చీ మనిషి. బరంపురం దగ్గరోడు, ఇంట్లో ఒరియా, బజార్లో తెలుగు, బండిలో హిందీ. నడివయసు మనిషి, సన్నగా, ఎర్రచొక్కా. సంగతి చూసినాడు. ఇస్తిరీ చొక్కా ఆయన్ని ముందు కూకోబెట్టినాడు. ఒదిన దగ్గర వొంగి, అమ్మా, ఎక్కడికెల్తన్నావు, అని తెలుగులో అడిగినాడంట. అంతే అనుకో, ఒదిన కళ్లంట నీళ్లు. పొద్దున్నుంచీ ఎవలూ ఆవిడితో మాటాడలేదు మరి. అంతా చెప్పుకున్నాది. ఆ మనిషి ఇని, వంటపెట్టెకెళ్లి రొట్టెల కవర్లు తెచ్చి, ఒకదాన్లో ఒకటి దూర్చి, అందులో మూటని పెట్టి గట్టిగా కట్టి, అమ్మా, ఇది నా పెట్టెలో నా తలకింద పెట్టుకుంటాను, దిగేటప్పుడు నీ చేతికిస్తాను, నమ్ముతావా, అన్నాడంట. ఒదిన ఇచ్చీసినాది. తలకింద పెట్టుకున్నాడంట నిజంగానే. ఆ ఎండు నెత్తళ్ల మీద పడుకున్నాడు ఆ మనిషి.

ఇంకోటేటంటే, కబురు తెలిసినప్పటినుంచీ ఒదిన ముద్ద ముట్టలేదు. కొడుకు మొకం చూసీదాకా తినను అన్నాది. దండపాణి టీ తెచ్చినా వద్దు, ఇడ్లీ తెచ్చినా వద్దు. మంచినీళ్లు ఒక్కటే తాగీది, అదీ ఆ మనిషి సీసా మూత తీసి చేతికిచ్చి నిలబడితే. ఫోను ఒకసారి మోగినాది, గుమస్తా. ఒదిన పచ్చబొత్తాం నొక్కి దండపాణికిచ్చినాది. ఆపరేషనుకి తీసుకెళ్తన్నారంట అమ్మా, అని ఉన్నమాటే చెప్పినాడు. ఆ పొద్దు గడిచింది, రాత్రీ గడిచింది. తెల్లారి మొకం కడుక్కోడానికెళ్లి తలుపు దగ్గర కూలిపోనాదంట ఒదిన. బండి తలుపు తీసుంది, ఇంకొంచెం అటు పడుంటే పట్టాలమీదే. ఎవలో పట్టుకుని లాగినారు. దండపాణి పరిగెత్తుకొచ్చి, పంచదార నీళ్లు పెదాలకి రాసి, అమ్మా, ఇంకా ఇవాళంతా ఉంది, రేపు కూడా ఉంది దారి, తినకపోతే నిన్నే దారిలో దించి ఆస్పత్రిలో పడేస్తారు, నీ కొడుకుని ఎవరు చూస్తారు, అని బతిమాలినాడు. తల అడ్డంగా ఊపినాదంట. అంతే. ఆవిడ మొండితనం మీకు తెలుసు కదా.

మద్యానం భోజనాల వేళ మళ్లీ ఫోను మోగినాది. దండపాణి చేతిలో ఇనపపళ్లేల దొంతరుంది. అది కిందెట్టి ఫోను చెవికి పెట్టుకున్నాడు. ఒదిన ఆడి నోటికేసే చూస్తంది. బాష తెలీదు గానీ మొకం తెలుస్తాది కదా ఎవలికైనా. గుమస్తా అన్నాడంట, పిల్లాడు పోనాడు, ఇప్పుడే, ఆపరేషను అయ్యేక కళ్లు తెరవలేదు, ఆవిడికి చెప్పు. ఆ మనిషి నాకు తరవాత చెప్పినాడు, ఈ ఇసకలోనే కూకుని చెప్పినాడు. అప్పుడు నేనేమీ ఆలోచించలేదన్నా, అన్నాడు. పొద్దున్న ఆ తలుపు దగ్గర పడి ఉన్న మనిషే కళ్లకి కనిపించింది, ఇప్పుడు ఈ మాట చెప్తే ఈమె బండిలోంచి దూకుతాది, దూకకపోయినా సాయంత్రానికి పోతాది, అనిపించింది, నోట్లోంచి అదే వచ్చేసింది, అన్నాడు. ఏటి వచ్చిందంటారా? నవ్వు మొకం పెట్టి అన్నాడంట, అమ్మా, ఆపరేషను బాగా అయింది. కళ్లు తెరిచినాడు. మాట కూడా మాటాడినాడు. అమ్మ తిన్నాదా, అని అడిగినాడంట.

మరేటనుకున్నారు? ఒదిన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టినాది. ఎవలికి పెట్టిందో, ఆకాశానికో, ఆ మనిషికో. తిన్నాదా అని అడిగినాడా, నా తండ్రి, నా తండ్రి, తింటాను బాబూ, తింటన్నానని చెప్పు, అని ఏడుస్తా నవ్వుతా ఉన్నాదంట. దండపాణి ఎల్లి పెరుగన్నం తెచ్చినాడు. ఒదిన తిన్నాది. ఆకలి ఎలాగుంటాదో చూడండి, ఆబగా తిన్నాదంట, వేళ్లు నాక్కుని మరీ తిన్నాది. పెట్టెలో అందరికీ సంతోషమే. ఆ ఇస్తిరీ చొక్కా ఆయన భార్య కూడా సంచిలోంచి మిఠాయి తీసి ఒదిన చేతిలో పెట్టినాదంట. ఒదిన ఆవిడికి కొడుకు కబుర్లన్నీ చెప్పినాది, తెలుగులోనే, ఆవిడికి అర్థం కాకపోయినా తలూపతా విన్నాది. దండపాణి పెట్టెకీ పెట్టెకీ మద్దిన సందుంటాది చూడండి, అక్కడికెళ్లి గోడకి మొకం ఆనించుకుని నిలబడిపోనాడంట.

అప్పుడు ఆలోచన వచ్చింది ఆ మనిషికి. అబద్దం ఆడీసినాను, ఇప్పుడు ఈవిడ చేరీదాకా శవాన్ని ఆగబెట్టాలి కదా అని. తన ఫోనుతో గుమస్తాకి చేసినాడు. గుమస్తా, పోలీసు పని అయిపోవస్తంది, చిన్న ఆస్పత్రి, ఉంచుకోమంటన్నారు, ఎండలు మండిపోతన్నాయి, సాయంత్రానికి కాల్చేస్తాం, ఆవిడొచ్చి బూడిద పట్టుకెళ్తాది, అన్నాడు. దండపాణి బతిమాలినాడు. గుమస్తా ఓనర్ని అడిగి, కుదరదు అన్నాడు. అప్పుడు కోపమొచ్చిందంట ఆ మనిషికి. మీ రేవులో గుట్టలు గుట్టలు ఐసుంది, చేపకుండే ఐసు మనిషికి లేదా, అని అరిచినాడంట.  ఆ గుమస్తా కూడా మనిషే కదా. ఆకరికి, సరే, ఐసు కొట్లో పెట్టిస్తాను, రేపు పొద్దుగూకే దాకా, అంతకి మించి నా చేతుల్లో లేదు, అన్నాడు. రేపు పొద్దుగూకే దాకా. బండి చూస్తే ఆలస్యంగా నడస్తంది. రాజకోటలో దిగి వీరావలు బండెక్కాలి, అది తప్పిపోతే మళ్లీ ఆ పొద్దుకి అందదు. అప్పుడు దండపాణి ఆ పెట్టెల టీసీ దగ్గరికెళ్లినాడు. ఆడమనిషి, నాగపూరు వైపు ఆవిడ, నవ్వదంట, ఎవలూ ఆవిడితో మాటాడ్డానికి జంకుతారంట. జరిగిందంతా చెప్పినాడు. ఆవిడ ఇని, నువ్వు చాలా తప్పు చేసినావు, అన్నాదంట. అని వెంటనే ఫోను తీసి, పై ఆపీసుకి చేసి, ఆళ్లతో ఈళ్లతో మాటాడి, తను దిగిపోయీ స్టేషన్లో ఎక్కిన టీసీకి కూడా అప్పజెప్పి మరీ దిగినాదంట. దిగీముందు ఒదిన దగ్గరికొచ్చి భుజమ్మీద చెయ్యేసి ఒక్క నిమిషం నిలబడి ఎల్లిపోనాది. ఒదిన, ఎవలమ్మా ఈవిడ, మంచిది, అనుకున్నాదంట.

మర్నాడు పొద్దెక్కేక, రాజకోట ఇంక దగ్గర్లోకి వచ్చేసినాదనగా, దండపాణి ఒదిన ఎదర నేలమీద కూకున్నాడు. తోటోళ్లు చెప్పినారంట, నువ్వు చెప్పకు, అక్కడికెళ్తే ఆళ్లే చెప్పుకుంటారు, నీ డ్యూటీ అయిపోనాది, అని. ఈ మనిషి ఒప్పుకోలేదు. అబద్దం నేను చెప్పి నిజం ఇంకోడి చేత చెప్పిస్తానా, అన్నాడు. అమ్మా, అన్నాడు, నేను నీకు నిన్న అబద్దం చెప్పినాను. ఒదిన చూసినాది. ఎల్లాజీ లేడమ్మా, అన్నాడు. ఏడవలేదంట ఒదిన.  ఎప్పుడు, అని అడిగినాది. నిన్న మద్యానం. నేను తినక ముందా, తిన్నాకా, అని అడిగినాది. చూడండి, అక్కడైనా ఆ మనిషి ఇంకో అబద్దం ఆడుండొచ్చు. తిన్నాకేనమ్మా, అంటే అయిపోయీది, ఎవలికి తెలుస్తాది? ఆడలేకపోనాడు. ముందేనమ్మా, అన్నాడు.

అప్పుడు కొట్టినాదిరా నాయినా. చెంపలమీద, నెత్తిమీద, రెండు చేతుల్తోనూ. నా బిడ్డ సచ్చి పడుంటే నా చేత పెరుగన్నం తినిపించినావా, నవ్వించినావా నా చేత, మిఠాయి తినిపించినావా, అని. మనకి శవం లేచీ దాకా ఇంట్లో పొయ్యి ఎలగదు కదా, పక్కింటోళ్లు కూడా ముద్ద ముట్టరు. కన్నతల్లి వేళ్లు నాక్కుని తిన్నాది. ఆ సంగతి తలుచుకుని నోట్లో వేళ్లు పెట్టుకుని కక్కబోయినాదంట, నిన్నటి కూడు ఇంక కడుపులో ఎక్కడుంటాది, ఉత్త డోకులు. ఎవలో దండపాణిని లేవదీయబోతే, ఒద్దు, కొట్టనీ, అన్నాడంట. అవతల వంటపెట్టె మేస్త్రీ, ఆర్డర్లు ఎక్కడ, మనిషెక్కడ, అని కేకలేస్తన్నాడు. ఈ మనిషి లెగలేదు. రాజకోట వచ్చీదాకా ఆవిడ కాళ్ల దగ్గరే కూకున్నాడు.

రాజకోటలో వీరావలు బండి నిలబెట్టి ఉంచినారంట. టీసీ అమ్మ మాట పనిచేసినాదన్నమాట. గార్డు జెండా పట్టుకుని ఈళ్లకోసం చూస్తన్నాడు. దండపాణి ఒదిన్ని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి దింపి, బండెక్కించి, నెత్తళ్ల మూట చేతిలో ఎట్టినాడు. దండం పెట్టి దిగబోతే ఒదిన ఆడి చొక్కా పట్టుకున్నాది. ఒకమాటు ఆలోచించండి, ఇప్పుడే చావబాదిన మనిషి. అక్కడ నా తరుపున ఎవలు మాటాడతారు, అన్నాది.  గార్డు ఈల ఊదినాడు. పక్క పట్టాలమీద దండపాణి బండి కూడా కూసింది. ఆ మనిషి తన బండికేసి ఒకసారి చూసినాడంట. చూసి, ఒదిన పక్కన కూకున్నాడు.

వీరావలు చేరీసరికి పొద్దు వాలతంది గానీ ఇంకా గూకలేదు. గుమస్తా మాట తప్పలేదు. ఐసు కొట్లో చేపల పెట్టెలన్నీ ఒకవైపు జరిపించి, చెక్కమీద పడుకోబెట్టి, చుట్టూ ఐసు పోయించినాడు. ఒదిన చెప్పులిప్పి లోపలికెళ్లినాది. కొడుకు మొకం చూసినాది. తెల్లగా అయిపోనాడంట. కనురెప్ప మీద ఒక చేప పొలుసు అంటుకునుంటే గోటితో తీసినాది. మొగుడి మొకం చూడలేకపోనాను, ఈడిదైనా చూసినాను, అని గొణుక్కున్నాదంట. దండపాణి గుమ్మం దగ్గరే నిలబడుంటే, ఇలా రా, అని పిలిచినాది. మన కుర్రోళ్లందరూ సముద్రంలోనే ఉన్నారు, తలకొరివి పెట్టడానికి గానీ, నోట్లో బియ్యం వెయ్యడానికి గానీ అయినోడు ఒక్కడు లేడు. నిన్న ఈడి పేరు చెప్పి నాకు తిండెట్టినావు, ఈవేళ ఈడికి నువ్వే పెట్టు, అన్నాది. ఆ ఎర్రచొక్కాతోటే, ఆ మనిషే, మనకేటీ కాని మనిషి, ఎల్లాజీ నోట్లో బియ్యం వేసి, కుండ మోసి, కొరివెట్టినాడు. తిరిగి ఒదిన్ని తెచ్చి మన పలాసలో దింపినోడూ ఆడే. బండి దిగితే నేను ఎవలో అనుకున్నాను.

పని పోనాదా అంటారా? పోదూ మరి? బండిని వదిలీసి దిగిపోయినోడికి పనెవడిస్తాడు, కంట్రాక్టరు ఆ రోజే తీసీసినాడు. ఆ టీసీ అమ్మ తన తరుపున చెప్పి చూసినాదంట, ఏటీ అవలేదు. చానాళ్లు ఖాళీగా ఉండి, ఇప్పుడు ఇంకో బండిలో టీ డబ్బా మోస్తన్నాడు. పెద్దకర్మకి వచ్చినాడు ఇక్కడికి. అప్పుడే నాకు ఇదంతా చెప్పినాడు. అన్నా, నేను చేసింది మంచా చెడ్డా, అని అడిగినాడు. నేను మంచే అన్నాను. మా ఆవిడ పక్కనే ఉండి, ఏటి మంచి, తల్లిచేత తినిపిస్తారా, అన్నాది. ఇప్పటికీ మా ఇంట్లో ఈ తగువు తెగలేదు. ఒదిన్నే ఒకరోజు అడిగీసినాను. ఆవిడ పెరుగు మానీసినాది మరి అప్పటినుంచీ, మజ్జిగ కూడా ముట్టదు. మంచో చెడ్డో నాకు తెలీదురా మరిదీ, అన్నాది. అమ్మ తిన్నాదా అని నా కొడుకు అడిగినాడని ఆ బాబు చెప్పినాడు చూడు, ఆ మాట ఉత్త అబద్దమని తెలుసు నాకు. ఆడు కళ్లే తెరవలేదు. అన్నీ తెలుసు. తెలిసినా ఆ మాట ఆడి గొంతుతోటే ఇనపడతంది నాకు, ఆడు నిజంగా అన్న మాటలు ఒక్కటీ ఇనపట్టం లేదు, అన్నాది. 

మీరు కూడా ఎల్తారు కదా వచ్చే వారం, వేటకి, అదే గుజరాతు బండి. బండెక్కేక టీ సల్లారిపోనాదని, కూర ఉప్పెక్కువైందని, ఆ డబ్బా మోసీ మనిషి మీద ఇరుచుకు పడిపోకండి. ఆడి జేబులో ఎవల చావు కబురుందో, ఏ తల్లికి చెప్పలేక మోసుకు తిరగతన్నాడో మీకేటి తెలుసు. టీ మట్టుకు సల్లగానే ఉంటాదనుకో. అది అబద్దం కాదు.